వెడల్పు కన్ను

మందమర్రి
12 జులై 2025

చెల్లె దెబోరాకు,

ఫోన్ చేస్తే మళ్ళీ మాటా మాటా పెరుగుతుంది. పోయిన ఎండాకాలం నన్ను "చుట్టపుచూపు రైతు" అని ఫోన్ కట్ చేశావు, నేను మరిచిపోలేదు. అందుకే ఉత్తరం. ఇకమీదట బోథ్ చేను ముచ్చట ఏదున్నా కాగితం మీదే.

నా మక్క చేన్లో టేకు గుంజకు కట్టిన కెమెరా డబ్బా దండగైంది. ఇరవై రోజుల ఫోటోలు చూశాను. అన్నీ అడవి పందుల తోకలే, ఒక్క మూతి లేదు. తప్పు బోర్డుది కాదు. అది అగ్గిపెట్టెంతే ఉన్నా బుర్ర మంచిది. ఎదురుగా వేడి ఒళ్ళు ఏది కదిలినా ఫోటో తీసి, తారీఖు, టైము వేసి కార్డు మీద దాస్తుంది. తప్పు దాని కన్నుది. తలుపు సందులోంచి చూసినట్టు కాస్త మేరే చూస్తుంది. అందుకని ఈ పార్సిల్‌లో వెడల్పు కన్నున్న కెమెరా పంపుతున్నాను. నూట అరవై డిగ్రీలు. చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఫోటోలో పడుతుంది.

మార్చేటప్పుడు ముందు బ్యాటరీ వైరు పీకు. పాత కెమెరా సన్నటి పట్టీతో బోర్డుకు తగిలి ఉంటుంది. పట్టీ మొదట్లో నల్ల బద్దె ఉంది, దాన్ని గోటితో మెల్లగా ఎత్తు. పట్టీ దానంతటదే జారుతుంది. కొత్త పట్టీ దూర్చి బద్దె నొక్కు. గాజుకు వేలు తగలనివ్వకు. చూపు సరిచేసి జిగురు చుక్క పెట్టాను, దాన్ని తిప్పకు. డబ్బా ముఖం కూడా ఎటూ తిప్పకు. పదిహేను రోజులకోసారి కార్డు మార్చి, పాతది కవర్లో పెట్టి నాకు పంపు.

ఇరవై రెండేళ్ళుగా గని మోటార్లు బాగు చేస్తున్నవాణ్ణి, నాకు సెలవు దొరకదు. నువ్వు గట్టు అవతల చేన్లోనే ఉంటావు కాబట్టి నీకు చెబుతున్నాను. బతిమాలుతున్నానని అనుకోకు.

జేమ్స్


బోథ్
27 జులై 2025

జేమ్సన్నకు వందనాలు. నువ్వు ఆ ముక్క రాయలే, నేనన్న రాస్తున్న.

నీ కన్ను మార్చిన. నల్ల బద్దె ఎత్తెటప్పుడు గోరు ఇరిగింది, ఆ సంగతి నీ రిపోర్టుల లేదు. ఒక్క సుక్క జిగురు గిట్ల కదిలియ్యలే. కార్డు ఈ కవర్లనే పెట్టిన, పిన్నులు కొట్టిన, ఇప్పెటప్పుడు పైలం.

కని అన్నా, కార్డు పంపే ముందుగాల మా ఆయన పాత ఫోన్ల ఏసి చూసిన. పాత కన్ను నీ మక్కలనే చూసేది. గిది మా దిక్కు సుత చూస్తున్నది. కుడి మూలకు మా తానాల తడిక కనవడుతున్నది. నేను తలకు పోసుకొని బయటికొచ్చింది సుత పడ్డది. నువ్వు నా తోడబుట్టినోనివే, కాదన్న. కని ఆ ఫోటోలు మీ క్వార్టర్ల టీవీకి పెట్టి దోస్తులకు చూపెడ్తవ్ గదా. జర డబ్బాను ఎడమకు తిప్పుతనంటె ఏమంటవ్? నువ్వు తిప్పకు అన్నవని తిప్పలే. అడుగుతున్న.

ఇంకో మాట. పందులు పొద్దుగాల, మాపటీలి రెండుసార్లు దిగుతున్నయ్. నీకు కావల్సింది పందుల ఫోటోలా, మక్కలా? మా ఆయన కాగజ్‌నగర్ల మిల్లు డ్యూటీకి పోయిండు, నేనొక్కదాన్నే ఉన్న.

వదినెను అడిగిన అని చెప్పు.

నీ చెల్లె దెబోరా


మందమర్రి
6 ఆగస్టు 2025

దెబోరాకు,

డబ్బా తిప్పవద్దు. నీ తడిక ఎవరికి కావాలి? ఫోటోలు చూసేది నేనూ, మీ వదినా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ సంగతి. దాచేది ఏమీ లేనివాళ్ళకు కెమెరా అంటే భయమెందుకు?

పోనీ అడిగి ఊరుకున్నావా, అదీ లేదు. వారానికే నువ్వు పంపిన రెండో కార్డులో వరసగా నాలుగు రోజులు ఫోటోలన్నీ పాలల్లో ముంచినట్టు తెల్లగా ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే మడతలు కనబడ్డాయి. పాలిథిన్ కవరు. కన్నుకు గంతలు కట్టావన్నమాట. నేను కాదన్న పనిని దొడ్డిదారిన చేసుకున్నావు. చిన్నప్పుడు అవ్వ నీకు చెప్పకుండా చక్కెర డబ్బా అటక మీద పెట్టేది, ఊరికే పెట్టలేదు.

కవరు తీసెయ్. మళ్ళీ కడితే నాకు ఫోటోలోనే తెలుస్తుంది.

జేమ్స్


బోథ్
14 ఆగస్టు 2025

అన్నా,

నీ అసుంటోనికి ఉపకారం చేసుడంత బుద్ధితక్కువ పని లేదు.

ఆ నాలుగు దినాలు ఇక్కడ ముసురు. మందమర్రిల వాన పడదా? నీ డబ్బా మూత సందులకెల్లి నీళ్ళు కారుతున్నయ్. నువ్వేమో బోర్డు, బుర్ర అని మస్తు గొప్పలు రాసినవ్, మూతకు రబ్బరు పెట్టుడు మర్చిపోయినవ్. పొద్దుగాలనే తడుసుకుంట పోయి, లోపట కొంగుతోని తుడిచి, చెమ్మ పీలుస్తదని గుప్పెడు బియ్యం మూటగట్టి లోపట పెట్టి, మీదికెల్లి కవరు కట్టిన. నేను కట్టకపోతే నీ అగ్గిపెట్టె బుర్ర అప్పుడే కుళ్ళిపోయేది. బియ్యం మూట ఇంక అండ్లనే ఉన్నది, వచ్చినప్పుడు చూసుకో. అది సుత నేను దొంగతనానికి పెట్టిన్నంటవేమో.

చక్కెర డబ్బా ముచ్చట తీసినవ్. చక్కెర తిన్నది ఎవలో, దెబ్బలు తిన్నది ఎవలో అవ్వకు పొయ్యేనాటికి తెలిసింది. నాతోనే చెప్పింది. నీకు చెప్పలేదా?

కవరు తీసిన. కార్డు పంపుతున్న. ఫికర్ చెయ్యకు, నీ మక్కలు మంచిగున్నయ్, కంకి పాలు పట్టింది.

దెబోరా


మందమర్రి
25 ఆగస్టు 2025

దెబోరాకు,

మక్కలు బాగున్నాయని నువ్వు చెప్పనక్కర్లేదు. నువ్వు ఎందుకు అంత ప్రేమగా చూస్తున్నావో నాకు తెలిసింది.

ఈ కార్డులో ముప్పై ఒక్క ఫోటోల్లో నువ్వు నా చేన్లో ఉన్నావు. గట్టు మీద కాదు, నీ చేన్లో కాదు, నా మక్కల్లో. ఆరున్నరకు, ఏడుకు, మళ్ళీ సాయంత్రం అయిదున్నరకు. రోజూ. నా చేన్లో నీకేం పని?

అదొక్కటే అయితే ఊరుకునేవాణ్ణి. బాపు వేసిన గట్టు బావి దగ్గర నుంచి ఇప్పచెట్టు దాకా గీత గీసినట్టు ఉండాలి. నీ గట్టు ఇప్పుడు అట్లా లేదు. ఇప్పచెట్టు కొస నా చేన్లోకి వంగింది. తక్కువలో తక్కువ నాలుగడుగులు. వానల్లో మట్టి మెత్తగా ఉందని దున్నేటప్పుడు జరిపావు, నేను దూరాన ఉన్నానని ధైర్యం. కంచె చేను మేసినట్టయింది. పందులకు పెట్టిన కెమెరాకు నువ్వు దొరికావు.

నీతో కొట్లాడే ఓపిక నాకు లేదు. ఫోటో ప్రింటు తీసి, గట్టు పక్కన స్కేలు పెట్టి ఎర్ర గీత కొట్టి, మన పాస్టరు గారికి పంపాను. పెద్దమనిషి, ఆయనే చెబుతాడు.

జేమ్స్


బోథ్
9 సెప్టెంబర్ 2025

జేమ్స్,

ఇయ్యాల్టి సంది అన్న అని రాయ.

మొన్న మొదటి ఆదివారం. అవ్వ పోయినంక పన్నెండేండ్ల సంది మొదటి ఆదివారం వచ్చిందంటే ప్రభువు బల్ల మీద తెల్లబట్ట పరిచేది నేను. చిన్న గిన్నెలు కడిగి వరస పెట్టేది నేను, రొట్టె కోసేది నేను. అవ్వ చేసిన పని. పొద్దుగాలనే తెల్లచీర ఇస్త్రీ చేసుకొని పోయిన. గిన్నెలు కడుగుతుంటె పాస్టరయ్య వచ్చిండు. చేతిల నీ ఫోటో ఉన్నది. "దెబోరమ్మా, నీ అన్నకు నీ మీద మనసుల కసి ఉన్నది. అది తీరేదాక నువ్వు బల్లకు రావద్దు, గిన్నెలు సుత ముట్టద్దు" అన్నడు. అందరు వింటుండంగ. ఆయన తప్పు లేదు, అది మన పద్ధతే. కొట్లాట కడుపుల పెట్టుకొని రొట్టె ముట్టద్దని మనకు బాపు సుత చెప్పిండు. కని కొట్లాట ఎవలు పెట్టుకున్నరు?

సగం కడిగిన గిన్నెలు అండ్లనే ఇడిచిపెట్టి వెనుక బెంచీ మీద కూసున్న. నీ ఫోటో ఆడోళ్ళ దిక్కు చేతులు మారింది. ముసలి దేవవ్వ కండ్లకు దగ్గర పెట్టుకొని చూసి, "ఔ బిడ్డా, వంగే ఉన్నది" అన్నది. అందరు లేచి రొట్టె తీసుకుంటుంటే నేను కూసోనే ఉన్న. నా ఇజ్జత్ పోయింది జేమ్స్. ఏడ్వలే. ఇంటికొచ్చినంక ఏడ్చిన.

ఒక్కటి ఆలోచించు. కార్డు తీసేది నేను, కవర్ల పెట్టేది నేను, పోస్టుల ఏసేది నేను. ఏ దొంగన్న తన ఫోటో తనే పిన్నులు కొట్టి పంపుతదా?

బాపు గట్టు ఏసిన నాడు యాదికున్నదా? తాడు ఒక కొస నువ్వు పట్టినవ్, ఒక కొస నేను పట్టిన. ఇప్పచెట్టు కాడ నువ్వు, బాయి కాడ నేను. "బిగబట్టుండ్రి, రేపు కొట్లాడుకునేది మీరే" అన్నడు బాపు. మనం నవ్వినం.

యెషయా బిడ్డ దెబోరా


మందమర్రి
18 సెప్టెంబర్ 2025

దెబోరాకు,

యెషయా బిడ్డవు నువ్వొక్కదానివే కాదు, కొడుకును నేనున్నాను. కన్నీళ్ళు పెట్టుకుంటే గట్టు వెనక్కి జరగదు. మనుషులు అబద్ధం ఆడతారు గానీ యంత్రం ఆడదు. దానికి చెల్లె లేదు, అన్న లేడు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

నా చేన్లో రోజూ ఏం చేస్తున్నావని అడిగాను. దానికి జవాబు లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు.

మక్కలు కోసినాక సర్వేయరును తీసుకొస్తాను. అప్పటిదాకా నా చేన్లో కాలు పెట్టకు.

జేమ్స్


బోథ్
24 సెప్టెంబర్ 2025

జేమ్స్,

సర్వేయరు దాకా ఎందుకు, నీ యంత్రాన్నే సాక్షికి పిలిచిన.

సోమవారం, ఇరవై రెండు తారీఖు. అటకమీదికెల్లి బాపు తాడు తీసిన. అదే తాడు. మూరకొకటి ఎర్రగుడ్డ పేలిక కట్టిన, నీ కన్నుకు మంచిగ కనవడాలె గదా. ఇప్పచెట్టు కాడ నీ కొస పట్టెటోడు లేడు, అందుకని మేకు కొట్టి కట్టిన. బాయి కాడి కొస నేను పట్టి, గట్టు పొడుగుత గుంజిన. ఎంత గుంజిన్నంటే అరచేతులు బొబ్బలెక్కినయ్. తాడు తీగలెక్క టంగుమన్నది. నీ డబ్బా ముందట ఒకటికి నాలుగు ఫోటోలు పడెటట్టు కదులుకుంట నిలవడ్డ.

కార్డు మా పాత ఫోన్ల ఏసి నేను చూసిన. ఇగ నువ్వు చూడు. తాడు బిగిసి ఉన్నదా, వంగి ఉన్నదా? వంగి ఉంటే, కరెంటు పనోనివి, నువ్వే చెప్పు. బిగబట్టిన తాడు యాడనన్న వంగుతదా?

నీ చేన్ల నేనేం చేస్తున్ననో చెప్ప. జులైల రాసిన ముచ్చట నువ్వు సదివి ఉంటే నీకే తెలిసేది. మల్ల మల్ల చెప్పుడు నాతోని కాదు.

గిదే నేను పంపే ఆఖరు కార్డు. డబ్బాల ఇంకోటి ఏసిన. ఇగ మార్చ.

దెబోరా


మందమర్రి
30 సెప్టెంబర్ 2025

చెల్లె దెబోరాకు,

కార్డు చూశాను. తాడు వంగింది. గట్టు ఎక్కడ వంగిందని ఎర్ర గీత కొట్టానో సరిగ్గా అక్కడే, అంతే.

నమ్మబుద్ధి కాలేదు. నా దగ్గరున్న ఇంకో వెడల్పు కన్ను బోర్డుకు తగిలించి, మా క్వార్టరు దర్వాజ ముందు పెట్టి ఫోటో తీశాను. సర్కారు దర్వాజ, గుంజలు నిటారుగా ఉన్నాయి. ఫోటోలో మాత్రం విల్లులా వంగాయి. అంత వెడల్పు చూడాలంటే అంచుల దగ్గరున్నవాటిని వంచక తప్పదు దానికి. దుకాణం వాడిచ్చిన కాగితం మీద ఈ సంగతి రాసే ఉంది. పంది మూతి మీద యావలో నేను చదవలేదు. ఇరవై రెండేళ్ళు మోటార్లకు ముందు కాగితం చదివి తర్వాత చెయ్యి పెట్టినవాణ్ణి.

ఇంకోటి ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ వదిన నా వెనకాల నిలబడి ఆ ముప్పై ఒక్క ఫోటోలు చూసింది. "గీ మూలకు నల్లగ ఏంది?" అన్నది. మట్టిపెల్ల అన్నాను. "పెల్ల అయితే రోజొక కాడ ఎందుకుంటది?" అన్నది. పెద్దది చేశాను. పంది. ఈ కన్ను వెడల్పు చూపిస్తుంది గానీ దూరంగా ఉన్నవాటిని చీమంత చేస్తుంది. మళ్ళీ అన్నీ చూశాను. ఇరవై ఆరు ఫోటోల్లో మూలకు పందులున్నాయి, వాటికెదురు నువ్వున్నావు. నీ చేతుల్లో అవ్వ అన్నం తినే ఇత్తడి తల్లె, దాన్ని మోగించే గరిటె. పందులు ఉరుకుతున్నాయి, వెనకాల నువ్వు ఉరుకుతున్నావు. నేను గట్టు చూసిన, నిన్ను చూడలే.

నీ జులై ఉత్తరం తీసి మళ్ళీ చదివిన. నీకు కావల్సింది ఫోటోలా మక్కలా అని అడిగినవ్.

తప్పు పదిమందిలో చేసిన, పదిమందిలోనే ఒప్పుకుంట. అక్టోబర్ అయిదు మొదటి ఆదివారం. సెలవు పెట్టిన. బోథ్ వస్త. బల్లకు ముందుగాల లేచి కాగితం మీద రాసుకున్నది సదువుత. నువ్వు తెల్లచీర కట్టుకొని రా.

అన్న జేమ్స్


మందమర్రి
8 అక్టోబర్ 2025

చెల్లె,

వచ్చిన. నువ్వు రాలే.

పాస్టరయ్య లేవమంటే లేచిన. జేబులకెల్లి కాగితం తీసిన. ఆడోళ్ళ దిక్కు చూసిన. ముందు బెంచీ, నడిమి బెంచీ, వెనుక బెంచీ. నువ్వు యాడ లేవు. ఐనా సదివిన. నా చెల్లె దొంగ కాదు, నేను గుడ్డోన్ని అని సదివిన. దేవవ్వ ఏడ్చింది. గిన్నెలు ఎవరో కడిగిండ్రు, సరిగ్గ వరసకు లేవు. నేను రొట్టె తీసుకోలే. నువ్వు లేకుంట ఎట్ల తీసుకుంట?

నీకు కోపం పోలేదు, కావాల్నని రాలేదు, అంతమందిల నన్ను ఒక్కన్ని చేసింది అనుకున్న. నిజం చెప్తున్న, నాకూ గరం ఎక్కింది. ఇంటికి రాకుండ చేన్లకు పోయి, డబ్బా ఇప్పి, కార్డు జేబుల ఏసుకొని రెండు గంటల బస్సెక్కిన. లోపట నీ బియ్యం మూట ఉన్నది.

మందమర్రికొచ్చి కార్డు చూసిన. ఆదివారం, పదింటికి ఇరవై నిమిషాలు తక్కువ నుంచి పదకొండున్నర దాక నలభై ఫోటోలు. నా మక్కల నిండ కోతులు. ఊరంత గుడికి, చర్చికి పోయి చేన్లు ఖాళీగ ఉన్నయని గుంపుకు గుంపు దిగింది. నడుమ నువ్వు. ఇస్త్రీ చేసిన తెల్లచీర మోకాళ్ళ దాక ఎత్తి చెక్కుకున్నవ్, చెప్పులు లేవు, చేతిల తల్లె. ఒక ఫోటోల చీర అంచు చిరిగి మక్క కర్రకు వేలాడుతున్నది.

నేను చర్చిల నిలవడి నీ గురించి సదువుతున్న టైముకు నువ్వు నా చేన్ల ఉన్నవ్. కాలు పెట్టకు అన్న చేన్ల.

ఇంతకంటె రాయ చాతనైతలేదు.

జేమ్స్


బోథ్
15 అక్టోబర్ 2025

అన్నా,

రెండు గంటల బస్సెక్కి ఉరికినవ్. చేన్లకు వచ్చినోనివి గట్టు దాటి పది అడుగులు ఎయ్యలేకపోయినవా? అన్నం వండి కూసున్న. నేను చీర మార్చుకొని, కోసుకుపోయిన కాలుకు పసుపు పెట్టుకొని, నువ్వొస్తవని తొవ్వ చూసిన. నువ్వొచ్చింది తెలిసింది డబ్బా మూత తెరిచి ఉంటే. ఎప్పటికి గంతే, నీకు యంత్రం కాడికి తొవ్వ తెలుసు, మనిషి కాడికి తెల్వదు.

రావాల్ననే బయలెల్లిన. మా చేను గేటు దాక పోయిన. కోతులు దిగుడు చూసిన. ఇంకో వారానికి కోసే మక్కలు. చర్చికి పోతే నీ మాట ఇంట, నీ మక్కలు పోతయ్. ఏం చేస్త? నీ మీద ఎంత కోపమున్నా కంకులు ఏం పాపం చేసినయ్.

పందులను నేను తరుముతున్న సంగతి ముందుగాలనే ఎందుకు చెప్పలేదని అడగలే నువ్వు, కని అడుగుతవని తెలుసు. చెప్పినోళ్ళ మాట నువ్వు ఎన్నడు విన్నవ్?

మంగళవారం పాస్టరయ్య ఇంటికొచ్చిండు. "మీ అన్న ఒప్పుకున్నడు, ఇగ నీకేం అడ్డం లేదు, రొట్టె ఇంటికే తెచ్చి ఇస్త" అన్నడు. వద్దన్న. దేవవ్వ వచ్చి నువ్వు సదివిందంత చెప్పబోయింది. చెవులు మూసుకున్న. నన్ను దొంగ అన్న మాట నేను నా చెవుల్తోని విన్న, అందరు చూస్తుండంగ. కాదన్న మాట దేవవ్వ నోటికెల్లి ఎందుకు ఇంట?

నీ మక్కలు నిన్న కోసినం. ఇరవై నాలుగు సంచులైనయ్, మా అర్రల పెట్టిన. ఇగ చేన్ల పందికి పని లేదు, కోతికి పని లేదు, నాకు పని లేదు. నవంబర్ రెండు మొదటి ఆదివారం. గిన్నెలు నేనే కడుగుత. ముందు బెంచీల కూసుంట.

మల్ల సదువు. మొదటికెల్లి, ఒక్క మాట ఇడ్వకుంట సదువు. కాయితం పారెయ్యలేదు గదా?

నీ చెల్లె దెబోరా